రెండు సంతకాల అప్పు

జీతం రాని రోజులకు భయపడేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. వసంతకు మాత్రం జీతం వచ్చే రోజంటేనే భయం. ఒకటో తారీఖు వచ్చిందంటే చందానగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో మొగుడూపెళ్ళాలిద్దరూ పొద్దున్నుంచే ముభావంగా తిరిగేవాళ్ళు. సాయంత్రం చెన్నకేశవులు డిపో నుంచి వచ్చి, ఏటీఎంలో తీసిన డబ్బు మంచం మీద పెట్టేవాడు. వసంత తన జీతం తెచ్చి పక్కన పెట్టేది. ఆపైన ఇద్దరూ చెరో దిక్కుకు బయల్దేరేవాళ్ళు. ఆయన చిట్టీ కట్టడానికి, ఊళ్ళో అప్పిచ్చినాయనకు వడ్డీ పంపడానికి. ఆమె గొలుసు కుదువపెట్టిన దుకాణానికి, మార్కెట్ వెనక ఉన్న ఫైనాన్సు ఆఫీసుకు. తిరిగొచ్చేసరికి మిగిలింది కిరాయికీ బియ్యానికీ సరిపోతే ఆ నెల బాగున్నట్టు లెక్క.

చెన్నకేశవులు ఆర్టీసీలో బస్సు డ్రైవరు. పాలమూరు జిల్లా నుంచి వచ్చి పదిహేనేళ్ళయింది. నలుగురిలో నిలబడి గట్టిగా మాట్లాడగలడు కాబట్టి డిపోలో తెలంగాణ ఉద్యమం పనులన్నీ ఆయన నెత్తినే పడేవి. వసంత నానక్‌రామ్‌గూడ దాటాక ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, ఒక పెద్ద కంపెనీ క్యాంటీన్‌లో పనిచేసేది. కూరగాయలు కడిగి కోసే విభాగానికి ఆమే సూపర్‌వైజరు. కూతురు యశస్విని ఇంటర్ చదువుతోంది.

వాళ్ళ అప్పులకు తాగుడూ పేకాటా కారణం కాదు. వాళ్ళతోనే ఉండే అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే దవాఖానలో పోసింది కొంత. అది తీరకముందే కూతురి కాలేజీ ఫీజు. ఊళ్ళో అన్నతో కలిసి వేయించిన బోరులో నీళ్ళకు బదులు దుమ్ము లేచింది, ఆ ఖర్చు కొంత. ఒక అప్పు వడ్డీ కట్టడానికి ఇంకొకటి చేస్తూ వచ్చారు. ఎవరికీ ఎగ్గొట్టలేదు, ఏదీ తీరలేదు.

రెండు వేల పదకొండు వానాకాలంలో ఒకరోజు మొగుడి ఏటీఎం కార్డు పనిచేయడం లేదని వసంత ఆయనతో కలిసి బ్యాంకుకు వెళ్ళింది. కార్డు సంగతి చూసేలోగా గోడ మీద ఉద్యోగులకు అప్పులిస్తామన్న కాగితం కనబడింది. చదివింది. చదివి ఊరుకోలేదు, నేరుగా మేనేజర్ గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. చెన్నకేశవులు వెనకాలే "ఏందే, ఎక్కడికే?" అంటూ వచ్చాడు.

మేనేజర్ యజ్ఞనారాయణ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. నవ్వడు, కసరడు. వసంత అడిగినవన్నీ విని, "మీకు బయట ఉన్నవన్నీ కలిపి ఎంతవుతుందమ్మా?" అన్నాడు.

మొగుడూపెళ్ళాలు ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరికీ తెలియదు. ఎవరు తిరిగే అప్పులు వాళ్ళకే తెలుసు తప్ప, అన్నిటినీ ఒక్కచోట వేసి చూసింది లేదు.

"ముందు అది చూసుకుని రండి," అన్నాడాయన. "తీసుకుంటే అన్నీ తీరేలా తీసుకోండి. సగం తీర్చి సగం ఉంచుకుంటే ఇది ఇంకో అప్పవుతుంది, అంతే."

ఆ ఆదివారం మధ్యాహ్నం డాబా మీద వడియాలు ఎండేసిన చాప పక్కన కూర్చుని లెక్కేసుకున్నారు. చిట్టీ పాడుకున్నాక ఇంకా కట్టాల్సింది నలభై. ఊళ్ళో అరవై. గొలుసు మీద నలభై ఐదు. ఫైనాన్సులో పాతిక. అన్నీ కలిపితే లక్షా డెబ్భై వేలు.

"ఇంకోటి మర్చిపోతున్నవ్," అన్నాడు చెన్నకేశవులు.

"ఏంది?"

"లక్ష్మక్క యాభై."

వసంత చేతిలో పెన్ను ఆగింది. గోడకు అవతలి వాటాలో ఉండే లక్ష్మీదేవి గురించి ఆయన చెబుతున్నది. తణుకు దగ్గరి పల్లెటూరి మనిషి. భర్త వడ్రంగి పనికి హైటెక్ సిటీ వచ్చి, ఇక్కడే పోయాడు. పిల్లలు లేరు. ఉన్న వాటాలోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతూ బతుకుతోంది. అత్తగారి ఆపరేషన్ రోజున దవాఖానలో డబ్బు కట్టమంటే, వసంత అడగకుండానే కుట్టుమిషను డ్రాయరులోంచి తీసి ఇచ్చిన మనిషి ఆవిడ. "నీ చేతికి ఎప్పుడొస్తే అప్పుడియ్యి" అంది. వడ్డీ మాట ఎత్తలేదు. ఏడాదిన్నరలో ఒక్కసారీ గుర్తుచేయలేదు.

"అది ఇందుల ఎందుకు?" అంది వసంత. "దానికి వడ్డీ లేదు గదా. వడ్డీ లేని అప్పును తీసుకపోయి వడ్డీ అప్పుల కలుపుతరా ఎవరన్న?"

"కలపాలె."

"ఎందుకు?"

చెన్నకేశవులు చాప మీంచి ఒక వడియం తీసి విరిచాడు. "డిపోల అందరికి తెలిసిపోయింది. మొన్న గేటు మీటింగ్ అయినంక ఒకడు అననే అన్నడు. పొద్దుగాల మైకుల జై తెలంగాణ, మాపటికి ఆంధ్రామె పైసలతోని సంసారం అని. నలుగురు నవ్విండ్రు. నాకు తల కొట్టేసినట్టయింది."

"లక్ష్మక్క ఆంధ్రామె ఎట్లయితది? మన గోడపక్క ఆమె."

"నీకు, నాకు. వాళ్ళకు కాదు."

"వాళ్ళ కోసం మనం నెలనెలా వడ్డీ కట్టాల్నా? యాభై వేలకు ఏడాదికి ఎంతయితదో తెల్సా నీకు?"

"తెల్వదు. ఎంతయినా కడ్త. ఆ ఒక్కటి మాత్రం ఉంచకు."

చాలాసేపు వాదులాడుకున్నారు. వసంత కోపంతో వడియాలు తిరగేసింది, ఎండనివి కూడా. ఆయన గట్టిగా అరిస్తే ఆమె కూడా అరిచేదే. కానీ ఆయన అరవలేదు, బతిమాలినట్టు అడిగాడు. చివరికి రెండు లక్షల ఇరవై వేలని రాసింది.

అప్పు మంజూరు కావడానికి నెల పట్టింది. జీతం కాగితాలు ఇద్దరివీ అడిగారు. సంతకాల రోజున యజ్ఞనారాయణ వసంతను కూడా కుర్చీలో కూర్చోబెట్టి, "అమ్మా, మీరు సహ దరఖాస్తుదారు. అంటే ఆయన కట్టకపోతే మీరు కట్టాలి. ఇది ఆయన అప్పు, ఇది నా అప్పు అని ఇక ఉండదు. తెలిసే పెడుతున్నారా?" అన్నాడు.

"ఇప్పటిదాక కట్టలేదా సార్ నేను?" అంది వసంత.

ఆయన కాగితం ముందుకు జరిపాడు. "ప్రతి నెలా ఐదో తారీఖు. ఐదు వేల నూట ఇరవై. ఖాతాలో ఉంటే అదే పోతుంది. లేకపోతే జరిమానా. నేను ఆపమన్నా ఆగదు, మిషను కోసుకుంటుంది."

ఐదేళ్ళు. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఎన్నో చోట్ల సంతకాలు పెట్టారు. బయటికి వచ్చాక చెన్నకేశవులు రోడ్డు మీద నిలబడి రెండు చాయ్‌లు చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో సినిమా చూసి వచ్చాక ఇలాగే నిలబడి తాగేవాళ్ళని వసంతకు గుర్తొచ్చింది.

ఆ వారమంతా తీర్చడాలే. ఫైనాన్సు ఆఫీసువాడు మొహం మాడ్చుకుని, "ఇంత తొందరేముందక్కా, అప్పుడప్పుడు అవసరం పడ్తది గదా, ఒక వెయ్యన్న ఉంచు," అన్నాడు. వసంత ఒక్క రూపాయి కూడా ఉంచలేదు. గొలుసు చేతికొచ్చినప్పుడు అది తాను అనుకున్నదానికంటే సన్నగా ఉందనిపించింది. ఊళ్ళో అప్పుకు చెన్నకేశవులు బస్సెక్కి వెళ్ళి నోటు చింపించుకుని వచ్చాడు. లక్ష్మీదేవి దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. "నువ్వే ఇయ్యి. ఆడోళ్ళు ఆడోళ్ళు మాట్లాడుకుంటరు," అన్నాడు.

లక్ష్మీదేవి జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తోంది. డబ్బు కవరు చూసి, "ఏవిటే ఇది?" అంది.

"నీ పైసలక్కా. బ్యాంకుల లోన్ వచ్చింది. అందరివి ఇచ్చేస్తున్నం."

"నేను అడిగానా?"

"అడగలే. అడగకముందే ఇయ్యాలె గదా."

లక్ష్మీదేవి సుద్దముక్క కింద పెట్టింది. కవరు ముట్టుకోలేదు. "మా తమ్ముడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. అక్కడ గొడవలెక్కువవుతున్నాయంట, సామాన్లు సర్దుకుని వచ్చేయవే అని. నాకేం భయంరా, పక్కన వసంతా వాళ్ళున్నారు అంటున్నాను నేను. ఇప్పుడు నువ్వొచ్చి లెక్క తేల్చేస్తున్నావు. వెళ్ళిపొమ్మంటున్నారా నన్ను?"

వసంత దగ్గరికి జరిగింది. "అయ్యో, గట్ల కాదక్కా. ఎవరన్న గట్లంటరా?"

"మరెందుకే ఇంత అర్జంటుగా? వడ్డీ కూడా లేదు కదా."

అది తాను డాబా మీద అన్న మాటే. దానికి తన మొగుడు చెప్పిన జవాబు ఇక్కడ చెప్పేది కాదు. వసంత ఏదో అనబోయి, బ్యాంకు మేనేజర్ అన్నీ తీర్చమన్నాడని చెప్పింది. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. లక్ష్మీదేవికి ఆ సంగతి తెలిసిపోయినట్టే ఉంది.

"ఒక మాట చెప్పనా?" అంది కవరు తీసి డ్రాయరులో వేస్తూ. "ఆ డబ్బు నీ దగ్గరుంటే నాకు ధైర్యంగా ఉండేది. ఈ ఊళ్ళో నాకు రావాల్సింది ఒకటుంది, దానికోసమైనా ఉండాలి అనిపించేది. ఇప్పుడేం లేదు. సర్లే, పొయ్యి మీద ఏదో ఉంది నాకు."

పొయ్యి మీద ఏమీ లేదని వసంతకు వాసనతోనే తెలుసు. లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చి అన్నం పెడుతూ జరిగింది జరిగినట్టు చెప్పింది. చెన్నకేశవులు ముద్ద మింగకుండా విన్నాడు. "నేను గా ఉద్దేశంతోని అనలేదు," అన్నాడు.

"నువ్వే ఉద్దేశంతోని అన్నా, ఆమెకు చేరింది గదే."

ఆ రోజు నుంచి గోడ అవతలి నుంచి "వసంతా, పెరుగు తోడుందా?" అన్న పిలుపు ఆగిపోయింది.

ఆ తర్వాత పది రోజులకే సకల జనుల సమ్మె మొదలైంది. మరో వారానికి ఆర్టీసీ కూడా సమ్మెలోకి దిగింది. డిపో గేటుకు తాళం పడింది. గేటు ముందు టెంటు వేశారు. చెన్నకేశవులు రోజూ ఆ టెంటు కింద కూర్చుని మాట్లాడేవాడు. ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉండేది. తెలంగాణ వస్తుందని ఆయనకు ఎంత గట్టి నమ్మకమో వసంతకూ అంతే. ఆమె కూడా క్యాంటీన్‌లో ఆ మాట దాచుకునేది కాదు. కానీ పనిచేయని రోజులకు జీతం రాదన్నది కూడా అంతే గట్టి సంగతి. పనిచేసిన రోజులది కూడా ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

ఇదివరకైతే చిట్టీ ఆయనకు ఒక నెల ఆగమని చెప్పొచ్చు. ఊళ్ళో ఆయనకు పంటలప్పుడు కలిపిస్తామనొచ్చు. తిట్టేవాళ్ళు, ఆగేవాళ్ళు. ఇప్పుడు ఆగేవాళ్ళెవరూ లేరు. వసంత బ్యాంకుకు వెళ్ళి యజ్ఞనారాయణను అడిగింది. "సమ్మె మా ఇంట్లోనూ ఉందమ్మా, మా బావమరిది టీచరు," అన్నాడాయన. "కానీ నేను చెప్పింది గుర్తుంది కదా. ఐదో తారీఖుకు ఖాతాలో వేసెయ్యండి. మొదటి వాయిదానే తప్పితే మచ్చ పడుతుంది."

వసంత జీతం తొమ్మిది వేలు. కిరాయి, సరుకులు, అత్తగారి మందులు, పిల్ల కాలేజీకి ఆటో ఖర్చు. సమ్మె వల్ల అదీ రెండింతలయింది. ఎంత పిండినా ఐదు వేలు రావు.

"ఫైనాన్సుల ఒక ఐదు వేలు తెస్తే?" అన్నాడు చెన్నకేశవులు ఒక సాయంత్రం. "ఒక్క నెలకే."

"ఒక బొంద పూడ్చెటందుకు ఇంకో బొంద తవ్వుతమా? మల్ల గాడికి పోయేదుంటే రెండు సంతకాలు ఎందుకు పెట్టినం?"

"మరేం జేద్దామంటవ్?"

వసంత దగ్గర ఒక ఉపాయం ఉంది. రెండు రోజులుగా నోటిదాకా వచ్చి ఆగుతోంది. బస్సులు లేక శంకర్‌పల్లి వైపు నుంచి, పటాన్‌చెరు వైపు నుంచి రావాల్సిన పనివాళ్ళు సగం మంది రావడం లేదు. కంపెనీల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు మాత్రం కంపెనీ బండ్లలో ఎలాగోలా వచ్చేస్తున్నారు, అందరికీ మధ్యాహ్నానికి అన్నం కావాలి. కిచెన్ మేనేజర్ సాయిచంద్ తల పట్టుకుని, "వసంతక్కా, ఎవర్నైనా తీస్కరా, ఏ రోజు కూలి ఆ రోజే ఇప్పిస్తా," అంటున్నాడు.

"మా క్యాంటీన్ల మనుషులు తక్కువ పడ్డరు," అంది. "నువ్వు రా. పొద్దుగాల ఆరింటికి పోతే రెండింటికి అయిపోతది. అక్కడికెల్లి టెంటుకు పోవచ్చు."

చెన్నకేశవులు ఆమె వంక చూశాడు. "ఏం పని?"

"కూరగాయలు."

"నీ కింద చెయ్యాల్నా?"

"కింద లేదు, మీద లేదు. ఉల్లిగడ్డలున్నయి."

ఆయనకు నవ్వొచ్చింది. కోపం కూడా వచ్చింది. రెండూ కలిసి మొహం అదోలా అయింది. "మావోళ్ళు జూస్తే?"

"దొంగతనం జేస్తున్నవా? బస్సు తోల్తున్నవా?"

మర్నాడు స్కూటర్ మీద ఇద్దరూ వెళ్ళారు. నెత్తికి నెట్ టోపీ పెట్టి, ప్లాస్టిక్ ఆప్రాన్ కట్టి, వసంత ఆయనకు కత్తి పట్టుకోవడం చూపించింది. మొదటి రోజు బస్తా ఉల్లిగడ్డలకు కళ్ళు చింతనిప్పుల్లా అయ్యాయి. ముక్కలు ఒకటి లావు, ఒకటి సన్నం. వసంత మొహమాటపడలేదు. "ఇవి బిర్యానిల ఎయ్యలేం, పప్పుకు పోనియ్యి," అని పక్కన పెట్టించింది. ఇంట్లో ఎప్పుడూ ఆయనతో అలా మాట్లాడలేదని కాదు. కానీ అక్కడ ఆమె గొంతు వేరేగా ఉండేది, ఆ గొంతుకు అందరూ వినేవాళ్ళు. మొదట్లో చెన్నకేశవులు వేరే ఎవరి భార్యనో చూసినట్టు ఆమెను చూసేవాడు. మూడో రోజుకు చేయి తిరిగింది. నాలుగో రోజు ఆలుగడ్డలు చెక్కుతూ, "ఇన్నేండ్లసంది రోజు గింత పని జేసొచ్చి ఇంట్ల మల్ల వంట జేస్తున్నవా నువ్వు?" అని అడిగాడు. వసంత ఇంకో బుట్ట ఆలుగడ్డలు ఆయన ముందుకు తోసింది. ఆ సాయంత్రం అన్నం ఆయనే వండాడు. కొంచెం మెత్తగా అయింది.

టెంటులో సంగతి దాగలేదు. చేతులకు ఉల్లివాసన వస్తుంటే ఎవడో అడిగాడు. చెన్నకేశవులు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నవ్వుతారనుకున్నాడు, కొంతమంది నవ్వారు కూడా. టెంటు ఎత్తేశాక ఒక కండక్టరు పక్కకు పిలిచి, "అన్నా, ఇంకా మనుషులు కావాల్నా అక్కడ? మా ఇంట్ల పరేషాన్ ఉన్నది," అన్నాడు. తర్వాత రోజు ముగ్గురు వచ్చారు. ఆ ముగ్గురిలో, గేటు మీటింగ్ రోజున ఆంధ్రామె పైసలని ఎకసెక్కమాడినవాడు కూడా ఉన్నాడు. వాడికి క్యాబేజీ ఇచ్చింది వసంత. ఆ మాటన్నది వాడేనన్న సంగతి చెన్నకేశవులు ఆమెకు చాలా రోజుల తర్వాతగానీ చెప్పలేదు.

వాయిదా గడువుకు ముందురోజు వసంత బ్యాంకులో డబ్బు కట్టేసింది. రోజుకూలీ, ఆమె అదనంగా చేసిన గంటల డబ్బు, అత్తగారు దిండు కింద దాచుకున్న మూడు వందలు, అన్నీ కలిపితే సరిపోయింది. యజ్ఞనారాయణ రశీదు మీద ముద్ర తనే వేసి ఇచ్చాడు.

దసరా వెళ్ళింది. ఆ ఏడు బతుకమ్మలు వీధుల్లో కంటే ధర్నాలు జరిగే రోడ్ల మీద ఎక్కువ ఆడారు. మరో పది రోజులకు ఆర్టీసీవాళ్ళు సమ్మె ఆపి డ్యూటీలు ఎక్కారు. తెలంగాణ రాలేదు. చెన్నకేశవులు ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే లక్ష్మీదేవి. నెలన్నర తర్వాత మొదటిసారి గడప దగ్గర నిలబడి ఉంది.

"చెన్నకేశవులు గారున్నారా?" అంది. వసంతను కాదు, ఆయన్ను అడిగింది.

చెన్నకేశవులు లేచి వచ్చి, "దా అక్కా, లోపలికి దా," అన్నాడు.

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. "ఊరికే తిప్పకుండా చెప్పేస్తానండీ. మార్కెట్లో రోడ్డు మీదికి ఒక షాపు మడిగె ఖాళీ అయింది. ఓనరు రెండు లక్షలు అడ్వాన్సు ఇస్తే ఐదేళ్ళకు రాసిస్తానంటున్నాడు. ఇదివరకైతే ఎవరో ఒకరు ఎగబడి తీసుకునేవాళ్ళు. ఇప్పుడెవరూ ముందుకు రావడం లేదట, ఏమవుతుందోనని. మీరిచ్చిన యాభై అలాగే ఉంది. చిట్టీ కంపెనీలో నాకు లక్షన్నర పాట తగిలింది. అదివ్వాలంటే గవర్నమెంటు జీతం వచ్చేవాళ్ళు ఒకరు జామీను ఉండాలంట." కొంగు సర్దుకుంది. "నాకిక్కడ అలాంటివాళ్ళు వేరే ఎవరూ లేరు."

"ఊరికి పోతవనుకున్న అక్కా," అంది వసంత మెల్లగా.

"అనుకున్నాను. బస్సులు లేకపోబట్టి ఆగాను, అదీ నిజం. ఆ నెలరోజులూ ఒక్కదాన్నే కూర్చుని ఆలోచించాను. తమ్ముడింట్లో వంట చేసి పెడుతూ ఉండొచ్చు. ఇక్కడైతే మిషను ఉంది. నా జాకెట్లు తొడుక్కునే ఆడవాళ్ళు నూటికి పైగా ఉన్నారు. వాళ్ళెవరూ నన్ను మీది ఏ ఊరు అని అడగలేదు, ఎప్పుడిస్తావనే అడుగుతున్నారు."

చెన్నకేశవులు వెంటనే, "నేను పెడ్త," అన్నాడు.

"ఆగు," అంది వసంత.

ఇద్దరూ ఆమె వంక చూశారు. బ్యాంకులో సంతకం పెట్టిన రోజున మళ్ళీ ఏ కాగితం మీదా వేలు పెట్టకూడదని ఇద్దరూ అనుకున్నారు. జామీనంటే తల ఇవ్వడమే. ఆవిడ కట్టకపోతే ఈయన జీతంలో కోస్తారు. అటు బ్యాంకు మిషను ఎటూ కోసుకుంటూనే ఉంటుంది. ఆ రోజు డబ్బు కవరు తీసుకెళ్ళి ఆవిడ మనసు నొప్పించింది తనే, ఇప్పుడు లెక్కలు అడగాల్సిందీ తనే.

"అక్కా, అడుగుతున్ననని ఏమనుకోకు. ఇంకా ఎన్ని నెలలు కట్టాలె? ఇప్పటిదాకా ఎప్పుడన్న తప్పిందా? కొత్త మడిగె కిరాయి ఎంత? పండుగలు లేని నెలల నీకు ఎంతొస్తది?"

చెన్నకేశవులు, "ఏందే గిట్ల పోలీసోని లెక్క," అన్నాడు.

"అడగనివ్వండి," అంది లక్ష్మీదేవి. కుర్చీ అంచు నుంచి వెనక్కి జరిగి సరిగ్గా కూర్చుంది. "అడగాల్సినవే." ఒక్కోదానికీ జవాబు చెప్పింది. చిట్టీ ఇంకా పద్నాలుగు నెలలు. ఒక్కసారి తప్పింది, భర్త పోయిన నెల. ఆషాఢంలో చాలా తక్కువ వస్తుంది, ఆ నెలకని ముందే పక్కన పెడుతుంది. ఇద్దరమ్మాయిలను పనిలో పెట్టుకుంటే పెళ్ళిళ్ళ కాలంలో ఎంత రావచ్చో కూడా చెప్పింది, మరీ ఎక్కువ చేసి చెప్పలేదు. వసంత మధ్యలో ఒకటి రెండుసార్లు ఎదురు వేసింది. "ఇద్దరొద్దు, ముందుగాల ఒక్క పిల్లను పెట్టుకో" అంది. ఆవిడ ఒప్పుకుంది.

ఆవిడ వెళ్ళాక వసంత మొగుడితో, "పెట్టు," అంది. "కట్టగలదు. అయినా ఒకటి చెప్తున్న. ఆమె తప్పితే మనం కట్టాలె. అప్పుడు నన్ను అనొద్దు, ఆమెను అనొద్దు."

"అనను. ఆమె మనసు ఇరగ్గొట్టింది నేను. నిన్ను ముందుకు తోసి నేను ఇంట్ల కూసున్న. గందుకన్న పెట్టాలె."

డిపోలో జీతం సర్టిఫికెట్ అడిగితే గుమాస్తా, "మల్ల లోనా అన్నా?" అన్నాడు.

"కాదు, జామీను. మా పక్కింటి అక్కకు," అన్నాడు చెన్నకేశవులు. అక్క ఎక్కడామె అని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాడే.

చిట్టీ కంపెనీలో సంతకాలయ్యాక ముగ్గురూ నడుచుకుంటూ మార్కెట్‌కు వెళ్ళారు. మడిగెలో అంతకుముందు ఎవరో సెల్‌ఫోన్లు బాగుచేసేవాడట, గోడల నిండా మేకులు, స్టిక్కర్లు. ఓనరు తాళాలు తిప్పుకుంటూ వచ్చి, సున్నం ఖర్చు కిరాయికి తీసుకున్నవాళ్ళదే అన్నాడు. లక్ష్మీదేవి ఒప్పుకోలేదు. "అడ్వాన్సు రెండు లక్షలు తీసుకుని సున్నం నన్ను వేయించుకోమంటారేవిటండీ? ఈ మేకులు నేను కొట్టానా?" ఓనరు చెన్నకేశవులు వంక చూసి, "మీరు చెప్పుండ్రి సార్," అన్నాడు.

"నేను బస్సు తోల్తా అన్నా, సున్నం సంగతి నాకు తెల్వదు," అని ఆయన గడియారం చూసుకుని రెండో షిఫ్టుకు బయల్దేరాడు.

వాళ్ళిద్దరి బేరం తెగేలా లేదు. వసంత చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళింది. కుట్టుమిషన్లు కిటికీ పక్కన వేస్తే వెలుతురొస్తుందా, గోడ పక్కన వేస్తే కరెంటు ప్లగ్గు అందుతుందా అని అటూ ఇటూ నడిచి చూసింది. చివరికి కిటికీ పక్కనే అని తేల్చుకుని, "అక్కా, టేపు పట్టుకొచ్చినవా?" అని బయటికి కేకేసింది.